లేక్ మిషిగన్‌లో సాల్మన్ ట్రోలింగ్: స్పూన్ రంగు కన్నా ముందు చూసుకోవలసినవి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీరు మిల్వాకీలో ఉంటున్నారు. స్నేహితుడితో కలిసి 19 అడుగుల పాత బోటు కొన్నారు, దానితోపాటే రెండు డౌన్‌రిగర్లు (బరువైన గుండును తీగతో దించి గాలాన్ని లోతులో ఉంచే యంత్రాలు) వచ్చాయి. జులైలో కొన్ని శనివారాలు వంద అడుగుల నీటిలో పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా తిరిగినా ఒక్క చేపా పడలేదు. బోట్లు నీటిలోకి దించే ర్యాంప్ దగ్గర పక్కవాళ్లు మాత్రం కూలర్ నిండా సాల్మన్‌తో వస్తున్నారు. ఏ రంగు స్పూన్ (చిన్న చేపలా మెరుస్తూ ఆడే లోహపు రేకు గాలం) కొనాలి, పిల్లల్ని తీసుకెళ్లవచ్చా, చేప దొరికితే పులుసు పెట్టుకోవచ్చా అని అడిగారు.

రంగు సంగతి తర్వాత చెబుతాను. ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మీ స్పూన్ ఉన్న లోతులో నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి? ఆ లోతులో స్పూన్ నిజంగా ఎంత వేగంతో పోతోంది? ఈ రెండూ తెలియకుండా స్పూన్లు మారుస్తూ పోతే డబ్బు ఖర్చవడం తప్ప ఫలితం ఉండదు. మన ఊళ్లలో కాలవ గట్టున గాలం వేసి కూర్చుంటే చేపే మన దగ్గరికి వస్తుంది. ఇక్కడ అలా కుదరదు. ఈ సరస్సు అత్యధిక లోతు 923 అడుగులు, సగటు లోతే 279 అడుగులు. ఇంత నీటిలో చేపలు ఒక పలుచటి పొరలో తిరుగుతుంటాయి. మనం ఆ పొరను వెతికి పట్టుకుని, గాలాన్ని అందులోనే లాగాలి. ట్రోలింగ్ అంటే అంతే.

ఈ చేపలు ఇక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే అవి ఎక్కడ ఉంటాయో ఊహించడం తేలిక. ఇక్కడ ట్రోలింగ్‌లో దొరికే పెద్ద చేపల్లో లేక్ ట్రౌట్ ఒక్కటే ఈ సరస్సుకు సొంత చేప. అతిగా పట్టడం వల్ల, బయటి నుంచి వచ్చిన సీ లాంప్రే అనే పాములాంటి చేప రక్తం పీల్చడం వల్ల 1950ల నడిమికల్లా అది ఇక్కడ దాదాపు మాయమైంది. తినే పెద్ద చేప లేకపోవడంతో సముద్రం నుంచి వచ్చిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప లెక్కలేనంతగా పెరిగింది. 1967 వేసవిలో చచ్చిన ఏల్‌వైఫ్‌లు ఒడ్డున గుట్టలుగా పడ్డాయి. మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖ అధిపతి హోవర్డ్ టానర్ అప్పటికే ఏల్‌వైఫ్ పెరుగుదలకు మందుగా పసిఫిక్ సాల్మన్‌ను తెప్పించారు. 1966లో కోహో పిల్లల్ని, 1967లో చినూక్ పిల్లల్ని వదిలారు. మీరు వెతుకుతున్న చినూక్ ఇప్పటికీ ప్రధానంగా ఏల్‌వైఫ్ మీదే బతుకుతోంది. పక్కనున్న లేక్ హ్యూరన్‌లో 2003, 2004 ప్రాంతంలో ఏల్‌వైఫ్ కుప్పకూలగానే చినూక్ కూడా పడిపోయింది. అందుకే సోనార్‌లో (బోటు కింద ఉన్న చేపల్ని తెర మీద చూపే పరికరం) ఏల్‌వైఫ్ లాంటి ఎర చేపల మబ్బులు కనిపించని చోట గంటల తరబడి తిరగకండి. మేత లేనిచోట చినూక్ నిలవదు.

ఇక చల్లదనం. నీరు సుమారు 39 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. వేసవిలో పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, చల్లటి బరువు నీరు అడుగున ఉంటుంది. రెంటి మధ్య ఉష్ణోగ్రత కొద్ది అడుగుల్లోనే బాగా పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది. దాన్నే థర్మోక్లైన్ అంటారు. జులైలో పైన 68 డిగ్రీలుండి, కింద 60, 70 అడుగుల్లో 48 ఉండటం మామూలే. చినూక్‌ను నేను 48 నుంచి 54 డిగ్రీల నీటిలో మొదట వెతుకుతాను. పెద్దవి ఇంకాస్త కిందికి, 44, 45 దాకా కూడా దిగుతాయి. కోహోకు 54 చుట్టుపక్కల హాయి. స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ పైన 55 నుంచి 60 నీటిలో, కొన్నిసార్లు ఒడ్డుకు దూరంగా ఉపరితలానికి దగ్గరగానే తిరుగుతుంది. లేక్ ట్రౌట్ అడుగును అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే "ఎంత లోతులో వేయాలి" అన్న ప్రశ్నకు అడుగుల్లో జవాబు చెప్పలేం. మంగళవారం 70 అడుగుల్లో ఉన్న చల్లటి పొర శనివారానికి 30 అడుగులకు రావచ్చు.

ఆ మార్పు తెచ్చేది గాలి. మీరున్న విస్కాన్సిన్ ఒడ్డున రెండు మూడు రోజులు పడమటి గాలి గానీ, నైరుతి గాలి గానీ గట్టిగా వీస్తే పైనున్న వెచ్చటి నీరు సరస్సు నడిమికి కొట్టుకుపోతుంది, అడుగు నుంచి చల్లటి నీరు ఒడ్డు దగ్గర పైకి వస్తుంది. భూమి తిరగడం వల్ల ఇక్కడ పైనీరు గాలి దిశకు కుడివైపు జరుగుతుంది. కాబట్టి దక్షిణం నుంచి వీచే గాలి కూడా మన ఒడ్డు నుంచి వెచ్చటి నీటిని తోసేస్తుంది. అలాంటప్పుడు జులై నడిమధ్యలో కూడా ఒడ్డు నీరు యాభై దరిదాపుల్లోకి పడిపోతుంది, చేపలు 40, 60 అడుగుల నీటికి వచ్చేస్తాయి. తూర్పు, ఈశాన్య గాలులైతే వెచ్చటి నీరంతా మన వైపు పోగుపడి చల్లటి పొర లోతుకు దిగిపోతుంది. అప్పుడు వంద అడుగుల నీటిలో 50 అడుగుల దగ్గర స్పూన్ వేస్తే అది వెచ్చటి ఖాళీ నీటిలో తిరుగుతున్నట్టే. మీకు జరిగింది చాలావరకు ఇదే అనుకుంటున్నాను. బయల్దేరే ముందు రాత్రి ఆ వారం గాలి ఎటునుంచి వీచిందో చూడండి. అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఓఏఏ వాళ్ల ఉపరితల ఉష్ణోగ్రత మ్యాపులు ఉచితంగానే దొరుకుతాయి.

లోతులో ఉష్ణోగ్రత కొలవడానికి మంచి సాధనం డౌన్‌రిగర్ గుండుకు తగిలించే ప్రోబ్. ఫిష్ హాక్ లాంటివి ఉష్ణోగ్రతతో పాటు అక్కడి వేగాన్ని కూడా పైకి చూపిస్తాయి. ఖరీదు ఎక్కువే. అయినా మీరు స్పూన్ల మీద పెట్టబోయే డబ్బు దాచి ముందు ఇది కొనమనే నా సలహా. అప్పటిదాకా సోనార్ సెన్సిటివిటీ పెంచి చూడండి, థర్మోక్లైన్ మసక పట్టీలాగా కనబడుతుంది. గాలాలు ఆ పట్టీ దగ్గరి నుంచి మొదలుపెట్టి కింద 20, 30 అడుగుల దాకా వేర్వేరు లోతుల్లో వేయండి.

రెండో విషయం వేగం. కొత్తవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. మీ జీపీఎస్ చూపించేది నేల మీద బోటు వేగం. కింద ప్రవాహం వేరే దిశలో ఉండొచ్చు. జీపీఎస్‌లో గంటకు 2.5 మైళ్లు కనిపిస్తున్నా, కింద ప్రవాహం బోటు పోయే దిశలోనే ఉంటే స్పూన్‌కు తగిలే నీటి వేగం 1.8 మాత్రమే కావచ్చు, ఎదురుగా ఉంటే మూడు దాటిపోవచ్చు. మొదటిదాంట్లో స్పూన్ సరిగ్గా ఆడదు, రెండోదాంట్లో గిరగిరా తిరిగిపోతుంది. చినూక్‌కు గుండు దగ్గర 2.2 నుంచి 2.8 మైళ్ల మధ్య వేగం కావాలి. ప్రోబ్ లేకపోతే డౌన్‌రిగర్ తీగను చూడండి. గాలిపటం దారంలా అది వెనక్కి వాలి ఉంటుంది. బాగా వాలితే కింద వేగం ఎక్కువ, దాదాపు నిటారుగా ఉంటే తక్కువ. ఉత్తరానికి పోతున్నప్పుడు చేప పడి, దక్షిణానికి తిరిగితే పడకపోతే దిశను నిందించకండి. ఆ తీగ వాలు ఎంత ఉందో గుర్తుపెట్టుకుని, రెండో దిశలోనూ అదే వాలు వచ్చేదాకా ఇంజన్ సర్దండి.

వాలు వల్ల ఇంకో సంగతి కూడా ఉంది. మీటర్‌లో 90 అడుగులు చూపిస్తున్నా గుండు నిజంగా అంత లోతులో ఉండదు, వెనక్కి కొట్టుకుపోయి పైకి లేస్తుంది. మీ బోటుతో వచ్చిన గుండ్లు ఎనిమిది పౌండ్లవైతే 12 పౌండ్లవి తెచ్చుకోండి. లోతు ఎక్కువయ్యేకొద్దీ బరువు కావాలి.

వేగం తెలుసుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. తిన్నగా గంట తిరిగినా ఏమీ తగలకపోతే నెమ్మదిగా పెద్ద వంపులు తిప్పుతూ వెళ్లండి. వంపు లోపలి వైపు గాలాలు నిదానించి కాస్త కిందికి దిగుతాయి, బయటి వైపువి వేగం పుంజుకుని పైకి లేస్తాయి. లోపలి రాడ్‌కు చేప తగిలితే మీరు వేగంగా పోతున్నారని అర్థం. బయటి దానికి తగిలితే ఇంకాస్త పెంచాలి. ఒక్క చేప తగిలినా ఆ రోజుకు దారి దొరికినట్టే.

రెండు డౌన్‌రిగర్లతో మొదలుపెట్టడం చాలు. స్పూన్‌ను బోటు వెనక 15 నుంచి 30 అడుగులు వదిలి, దారాన్ని గుండు పైనున్న రిలీజ్ క్లిప్‌లో పెట్టి, నిదానంగా దించండి. దిగాక రాడ్ బాగా వంగేదాకా రీల్ బిగించాలి. చేప కొట్టి క్లిప్ వదలగానే రాడ్ ఒక్కసారిగా పైకి లేచి, మళ్లీ వంగుతుంది. దారం వదులుగా ఉంటే చేప కొట్టినట్టు తెలియనే తెలియదు. దారం 20 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) సరిపోతుంది. జులై చివర, ఆగస్టులో ముళ్ల నీటి ఈగలు (వాటర్ ఫ్లీ అనే చిన్న నీటి జీవులు) దారం మీద దూదిలా పేరుకుపోయి రీల్ చుట్టనివ్వవు. అప్పుడు 30 పౌండ్ల మందపు దారం వాడితే కొంత నయం.

తర్వాత రెండువైపులా ఒక్కో డిప్సీ డైవర్ (దారాన్ని కిందికి, పక్కకు లాగే బిళ్ల) పెట్టుకోండి. దాని అడుగున ఉండే సంఖ్య మారిస్తే అది బోటుకు పక్కగా ఎంత దూరం పోవాలో మారుతుంది. సంఖ్య పెంచితే పక్కకు ఎక్కువ పోతుంది, లోతు తగ్గుతుంది. లోపల సీసం ఉండే లెడ్‌కోర్ దారం ఇంకో మార్గం: పది గజాలకో రంగు మారుతుంది, రెండు మైళ్ల వేగంలో ఒక్కో రంగుకు దాదాపు ఐదడుగులు దిగుతుంది. విస్కాన్సిన్‌లో ఒక్కొక్కరికి మూడు గాలాలు వేసే అనుమతి ఉంది కానీ, ఇద్దరే ఉన్న చిన్న బోటులో నాలుగుకు మించి వేయకండి. చేప తగిలినప్పుడు దారాలన్నీ చిక్కుపడితే ఆ పూట గడిచిపోయినట్టే.

ఇప్పుడు రంగు. నీటిలో మొదట మాయమయ్యేది ఎరుపు. ముప్పై అడుగులు దాటితే ఎర్ర స్పూన్ నల్లగానే కనిపిస్తుంది. ఆకుపచ్చ, నీలం లోతు దాకా నిలుస్తాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో పైపైన తిరిగే కోహోకు ఎరుపు, నారింజ డాడ్జర్ (చేపను ఆకర్షించేలా ఊగే రేకు) వెనక చిన్న ఫ్లై (పోగులతో కట్టిన గాలం) అద్భుతంగా పనిచేస్తుంది, జులైలో 70 అడుగుల్లో అది పనికిరాదు. ఇప్పుడు మీకు కావలసినవి ఆకుపచ్చ వెండి కలిసిన స్పూన్ రెండు, నీలం వెండి ఒకటి, చీకట్లో మెరిసే గ్లో స్పూన్ రెండు. వీటితో పాటు డాడ్జర్ లాంటిదే, గుండ్రంగా తిరిగే ఎనిమిది అంగుళాల తెల్ల ఫ్లాషర్, దాని వెనక 20 నుంచి 24 అంగుళాల లీడర్‌తో (కలిపే దారం) ఆకుపచ్చ ఫ్లై. ఇంతకు మించి ఈ సీజన్‌లో ఏదీ కొనకండి.

మీరు ఎనిమిదింటికి మొదలుపెట్టడం కూడా పెద్ద లోటు. చినూక్ మసక వెలుతురులో మేస్తుంది. క్వాగా ఆల్చిప్పలు నీటిని వడగట్టేయడంతో ఈ సరస్సు బాగా తేటపడింది, వెలుతురు చాలా లోతుకు దిగుతోంది. ఎండ ఎక్కేకొద్దీ చేపలు కిందికి పోతాయి. తెల్లవారుతుండగానే గాలాలు నీటిలో ఉండాలి. గ్లో స్పూన్‌కు టార్చి వెలుతురు పట్టించి, చల్లటి పొరకు పైఅంచున ఒకటి, మధ్యలో ఒకటి వేయండి. సూర్యుడు పైకి వచ్చాక రెండూ ఇంకో 15, 20 అడుగులు దించండి.

తొమ్మిది దాటాక చినూక్ ఆగిపోతే ఇంటికి రాకండి, లేక్ ట్రౌట్‌కు మారండి. 120 నుంచి 200 అడుగుల నీటికి వెళ్లి, గుండును అడుగుకు రెండు మూడడుగుల పైన ఉంచి, వేగం రెండు మైళ్ల లోపుకు తగ్గించండి. డాడ్జర్ వెనక స్పిన్ ఎన్ గ్లో అనే తిరిగే చిన్న గాలం చాలు. గుండు అప్పుడప్పుడూ నేలను తట్టి మట్టి లేపితే ఇంకా మంచిది. కొత్తవాళ్లకు, పిల్లలున్న బోటుకు ఇది నమ్మకమైన చేప.

చినూక్ తగిలినప్పుడు డ్రాగ్ (రీల్ బ్రేకు) వదులుగానే ఉంచండి. అది మొదటి పరుగులో వంద గజాలు లాగేస్తుంది, లాగనివ్వాలి. బోటును ఆపవద్దు, తిన్నగా నెమ్మదిగా పోనివ్వండి. ఆపితే మిగతా గాలాలన్నీ మునిగి చిక్కుపడతాయి. ఒకరు రాడ్ పట్టుకుంటే రెండోవారు ఆ వైపు డౌన్‌రిగర్ పైకి తీసేయాలి. వలను తల వైపు నుంచే పట్టాలి, తోక వైపు నుంచి పట్టబోతే చేప ముందుకు దూకి పోతుంది. 2021 ఆగస్టులో అవతలి ఒడ్డున లడింగ్టన్ దగ్గర 47.86 పౌండ్ల చినూక్ పడి మిషిగన్ రాష్ట్ర రికార్డు అయింది. ఎప్పుడు ఏది తగులుతుందో తెలియదు కాబట్టి ముడులు ప్రతి ట్రిప్‌కూ కొత్తగా వేసుకోండి.

పిల్లల గురించి అడిగారు. తీసుకెళ్లండి, కానీ ముందు ఈ సరస్సు స్వభావం తెలుసుకోండి. పైన చెప్పిన పడమటి గాలి రోజు ఒడ్డు దగ్గర నీళ్లు నిశ్చలంగా కనిపిస్తాయి. దూరం పోయేకొద్దీ అల పెరుగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు దానికి ఎదురు రావాలి. అదే గాలి ఒడ్డు నీటిని యాభై డిగ్రీలకు తెచ్చి ఉంటుంది. అంత చల్లటి నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. పది నిమిషాల్లో చేతులు కాళ్లు మాట వినడం మానేస్తాయి. ఈత వచ్చినా లాభం లేదు, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాల్సిందే. కదిలే బోటులో 13 ఏళ్ల లోపు పిల్లలకు అది చట్టప్రకారమే తప్పనిసరి. పెద్దవాళ్లు కూడా వేసుకోవాలని నేను బతిమాలి చెబుతున్నాను. మన వాళ్లలో చాలామందికి ఈత రాదు, వచ్చినవాళ్లు కూడా నేర్చుకున్నది వెచ్చటి నీటిలో.

19 అడుగుల బోటుకు రెండడుగుల అల దాకా ఫర్వాలేదు. మూడు అని ఫోర్‌కాస్ట్‌లో ఉంటే పిల్లలతో వెళ్లకండి. తూర్పు గాలికి మిల్వాకీ వైపు అల సరస్సు వెడల్పంతా పరుగెత్తి వస్తుంది, అది ఇంకా చెడ్డది. వీహెచ్ఎఫ్ రేడియో తప్పక పెట్టుకోండి, ఆపదలో పిలవాల్సింది 16వ ఛానెల్. దూరం పోయాక సెల్‌ఫోన్‌ను నమ్మలేం. ఇంజన్ ఆపే స్విచ్ తాడును డ్రైవర్ తగిలించుకోవాలి. ఆ స్విచ్ అమర్చి ఉన్న 26 అడుగుల లోపు బోట్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది అమెరికా ఫెడరల్ నియమం. 1989 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు విస్కాన్సిన్‌లో బోటు నడపాలంటే బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి. ఫిషింగ్ లైసెన్స్‌తో పాటు గ్రేట్ లేక్స్ ట్రౌట్, సాల్మన్ స్టాంప్ కూడా తీసుకోండి. రోజుకు ఎన్ని పట్టుకోవచ్చన్నది మారుతుంటుంది, డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) తాజా పుస్తకం చూసుకోవాలి.

చివరగా పులుసు. చేప బోటులోకి రాగానే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి ఐస్‌లో పెట్టండి, రుచిలో తేడా అక్కడే వస్తుంది. అయితే ఈ సరస్సు చేపల కొవ్వులో పీసీబీ అనే రసాయనాలు పేరుకుని ఉంటాయి. చేప ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే అంత ఎక్కువ. మనం తలకాయ, తోలు, పొట్ట ముక్కలతో పులుసు కాస్తే ఆ కొవ్వంతా పులుసులోకే దిగుతుంది. సముద్రపు చేపతో చేసినట్టు దీనితో చేయకూడదు. తోలు తీసేసి, వీపు మీది కొవ్వు, పొట్ట కింది భాగం, పక్క గీత వెంట ఉండే ముదురు కండ కోసి పారేయండి. తల వాడవద్దు. తర్వాత ముక్కల్ని గ్రిల్ మీద కాల్చి కారే కొవ్వును వదిలేయడం అన్నిటికన్నా మంచిది. పులుసే కావాలంటే చింతపండు, ఉల్లి, మసాలా అంతా ఉడికి చిక్కబడ్డాక ఆఖరి ఆరేడు నిమిషాల్లో ముక్కలు వేయండి, ముందే వేస్తే సాల్మన్ విడిపోతుంది. పీఫాస్ అనే రసాయనాలు మాత్రం కొవ్వు తీసినా పోవు, అవి కండలోనే ఉంటాయి. అందుకే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు నెలకు ఎన్నిసార్లు తినవచ్చో చేప రకం, పొడవు ప్రకారం డీఎన్‌ఆర్ ఇచ్చే పట్టికను తప్పక చూడండి. మూడు నుంచి ఆరు పౌండ్ల కోహో దొరికితే ఇంట్లోవాళ్ల కోసం దాన్నే ఉంచుకోండి. పెద్ద లేక్ ట్రౌట్‌ను ఫోటో తీసుకుని వదిలేయడం మేలు.

ఈసారి వెళ్లినప్పుడు గాలి దిశ, పైనీటి ఉష్ణోగ్రత, చల్లటి పొర ఎన్ని అడుగుల్లో మొదలైంది, తీగ ఎంత వాలింది, సోనార్‌లో ఎర చేపలు ఏ లోతులో కనిపించాయి అన్నవి రాసి పెట్టండి. చేప పడకపోయినా సరే, ఆ వివరాలు ఇక్కడ పెడితే తర్వాతి శనివారం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.